చెవితో చదువుకున్న పంతులుగారు

పార్లమెంటు సమావేశాలు ముగిసిన మరునాడు రాజధానిలోని విలేఖరికి ఊరు ఉన్నట్టుండి పెద్దదై, పని చిన్నదై కనిపిస్తుంది. అటువంటి తీరిక దొరికినందువల్ల ఈ మారు నేను హౌరా బండి ఎక్కి, అక్కడి నుంచి లోకల్ బండిలో మరి రెండున్నర గంటలు ప్రయాణం చేసి ఖరగ్‌పూర్ చేరాను. ఆ ఊరిలోని ఇందా పేటలో మా పిన్ని ఉన్నది. బాబాయి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే ఉద్యోగ విరమణ చేసి, క్వార్టరు ఖాళీ చేసిన తరువాత ఇందాలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. ఆయన పోయి చాలా కాలమయింది. పిన్ని మాత్రం పెళ్ళయి వచ్చిన నాటి శ్రీకాకుళం మాటను ఒక్క అక్షరం చెడకుండా ఆ రెండు గదులలో కాపాడుకుంటూ వస్తున్నది.

ఇందా ఆ ఊరిలో పాత భాగం. ఖరగ్‌పూర్‌కు పేరిచ్చిన ఖర్గేశ్వరుని గుడి ఇక్కడే ఉన్నది. 1949లో వెలసిన ఖరగ్‌పూర్ కళాశాల కూడా ఇక్కడే. మిగిలిన ఊరిని చాలావరకు రైలు పుట్టించింది. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఇక్కడ జంక్షను కట్టి, ఆ తరువాత కొద్ది ఏళ్ళకే వర్క్‌షాపు నెలకొల్పినప్పుడు, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గంజాం సీమల నుంచి మనవారు కూలికీ కొలువుకూ బండ్లెక్కి వచ్చారు. ఆ రైలు కార్మికుల సంఘాన్ని నడిపిన వరాహగిరి వెంకటగిరిగారు తరువాతి కాలంలో రాష్ట్రపతి అయ్యారు. నూరేళ్ళు దాటినా అక్కడ తెలుగు పోలేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషలలో చోటు ఇవ్వడానికి నిర్ణయించింది కూడా. అయితే హోదా మంత్రివర్గం ఇవ్వగలదు. పిల్లవాని నోటికి మాట ఎవరిస్తారన్నది వేరే సంగతి.

పిన్ని మనుమడికి పదకొండేళ్ళు. ఇంగ్లీషు బడిలో ఆరవ తరగతి చదువుతున్నాడు. నన్ను ఢిల్లీ తాతా అని పిలుస్తూ వెంటబెట్టుకొని బజారుకు తీసుకువెళ్ళాడు. చేపలవాడితో బెంగాలీలో బేరమాడి కిలోకు ఇరవై రూపాయలు తగ్గించాడు. రిక్షావాడితో హిందీలో దబాయించాడు. దారిలో ఎదురైన స్నేహితునితో మూడు భాషలనూ కలిపి ఏదో పరిహాసమాడాడు. బెంగాలీ నీకెవరు నేర్పారురా అని అడిగితే వాడికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అది ఒకరు నేర్పేదా అన్నట్టు నావైపు చూశాడు.

మరునాడు ఆదివారం. వీధి చివర ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన ఇంటి అరుగు మీద పది పన్నెండు మంది పిల్లలకు తెలుగు చెబుతారు. జీతం పుచ్చుకోరు. పలకలు, పుస్తకాలు కూడా తానే కొని ఇస్తారు. అటువంటి మనిషిని గురించి తేలికగా వ్రాయడానికి నాకు చేయి రాదు. కాని కళ్ళారా చూసినది చెప్పక తప్పదు. ఆ రోజు పాఠం విభక్తి ప్రత్యయాలు. పిల్లలు ప్రథమా విభక్తి నుంచి సప్తమీ విభక్తి వరకు గొంతు కలిపి వల్లించారు. తరువాత పర్యాయపదాలు, ఆ తరువాత ప్రకృతి వికృతులు. గంటన్నర సేపటిలో ఒక పిల్లవాడు మరొక పిల్లవానితో తెలుగులో ఒక్క మాట చెప్పుకోవలసిన అవసరం రాలేదు. పాఠం ముగియగానే అందరూ హిందీలో కేకలు వేసుకుంటూ మైదానానికి పరుగెత్తారు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నేను ఇంగ్లీషు సాహిత్యంలో పట్టభద్రుణ్ణి. మూడేళ్ళు చాసర్ నుంచి హార్డీ దాకా చదివి, మిల్టన్ మీద పరీక్షలో పన్నెండు పేజీల వ్యాసం వ్రాసి ఉత్తీర్ణుణ్ణయినవాణ్ణి. ఉద్యోగానికి మొదటిసారి ఢిల్లీ వచ్చినప్పుడు ఒక అధికారికి ఫోను చేసి, ఆయన అవతలి నుంచి అడిగిన మామూలు ప్రశ్నకు ఇంగ్లీషులో బదులు చెప్పలేక ఫోను పెట్టేశాను. మిల్టన్ వచ్చినవానికి పలకరింపు రాలేదు. ఆ సిగ్గు ముప్పై ఏళ్ళకు కూడా పూర్తిగా పోలేదు.

సభలో భాషను గురించిన చర్చలు నేను లెక్కలేనన్ని విన్నాను. 1968 నాటి త్రిభాషా సూత్రం మొదలు 2020 నాటి జాతీయ విద్యావిధానం దాకా ఏ భాష, ఎన్ని భాషలు, ఏ తరగతి నుంచి అన్న విషయాల మీద సభ్యులు బల్లలు గుద్దారు, సభను బహిష్కరించి వెళ్ళారు. భాష మనిషికి ఏ దారిన వస్తుందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపించింది. ఆ ప్రశ్నను పట్టుకొని జీవితమంతా గడిపిన తెలుగువాడు ఒకరున్నారు. ఇందా అరుగు మీద కూర్చున్నప్పుడు నాకు ఆయనే జ్ఞాపకానికి వచ్చారు.

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా ఎరుగుదుము. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపి, పటానికి దండ వేసి, ఇంటికి వస్తాము. ఆ ఉద్యమం సాహిత్యంలో పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తరగతి గదిలో పుట్టింది. తనది కాని భాషను ఒక మనిషి నేర్చుకొన్న అనుభవంలో దానికి వేరున్నది.

ఆయన 1863లో శ్రీముఖలింగానికి దాపున, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి సంస్థానంలో రెవిన్యూ ఉద్యోగి. ఆయన చోడవరానికి బదిలీ అయి, 1877లో విషజ్వరంతో మరణించారు. పద్నాలుగేళ్ళ బాలుడు బంధువుల అండన విజయనగరం మహారాజావారి బడిలో చదువుకున్నాడు. అక్కడ సహాధ్యాయి గురజాడ అప్పారావు. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతం మీద చిన్న తరగతులకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడయ్యాడు. ఆ తరువాతి పరీక్షలన్నీ ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా వ్రాసినవే. బి.ఏ. పట్టా కూడా అలాగే చేతికి వచ్చింది. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలను చూసి, చదివి చెప్పేవారు లేక, ప్రాచీన లిపులను తనంతట తానే నేర్చుకున్నారు. గంగరాజుల శాసనాలపై ఆయన వ్రాసిన వ్యాసాలు చరిత్రకారుల ఆదరం పొందాయి. గురువు లేని చదువు ఆయనకు చిన్ననాటి నుంచి అలవాటు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. కొండల మీద సవరలు. అడవి సరుకులు దించుకొని సంతకు వచ్చే సవరకు ఊరివారి భాష రాదు, ఊరివారికి అతని భాష రాదు. ఈ రెండు అజ్ఞానాలలో నష్టపోయేది ఎప్పుడూ సవరయే. తూకం తనకు తెలియని భాషలో జరుగుతుంది, అప్పు తనకు తెలియని భాషలో పెరుగుతుంది, తీర్పు తనకు తెలియని భాషలో వస్తుంది. రామమూర్తిగారు ఆ భాష నేర్చుకోవాలని సంకల్పించారు. నేర్చుకోవడానికి పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. అసలు ఆ భాషకు లిపియే లేదు.

అందువల్ల ఆయన తెలుగు కొంత తెలిసిన ఒక సవరను తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. అతని నోట వినడం, తిరిగి పలకడం, అతడు సరిదిద్దితే మళ్ళీ పలకడం. కొండ గ్రామాలకు పోయి అక్కడివారి నడుమ కూర్చొని వినడం. ఇదే ఆయన బడి. ఆ భాష మన భాషలకు చుట్టం కాదు. ముండా కుటుంబానికి చెందినది. ఖరగ్‌పూర్ చుట్టుపట్ల పల్లెలలో నేడు వినిపించే సంతాలీ దానికి దాయాది. మాట మధ్య గొంతును టక్కున మూసి విడిచే ధ్వని ఒకటి ఉన్నది. మన అక్షరాలలో దానికి గుర్తు లేదు. క్రియ తన కర్మను పొట్టలో పెట్టుకొని ఒకే మాటగా పలుకుతుంది. విభక్తులు వల్లించి సవర నేర్చుకుందామనుకునే వారికి మొదటి రోజునే దారి మూసుకుపోతుంది. చెవి ఒక్కటే దారి. విన్నదానిని గుర్తించుకొని, వాడి చూసి, వాడుకలో నుంచి నియమాన్ని తీశారు ఆయన. వ్యాకరణం మొదట రాలేదు, చివరికి వచ్చింది.

ఆ తరువాత తన సొంత డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టారు. పాఠం వారి భాషలోనే. వ్రాత తెలుగు అక్షరాలలో. వాచకాలు, కథలు, పాటలు, తెలుగు సవర నిఘంటువులు తానే తయారుచేశారు. మద్రాసు ప్రభుత్వం 1911లో వాటిని అచ్చువేయించి పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి నడపమని చెప్పి తిరస్కరించారు. అక్కడ ఆయన చేసిన పని ఎంత సూటియైనదో ఆలోచించండి. పిల్లవాడు మొదట తనకు తెలిసిన మాటను అక్షరంలో చూస్తాడు. చదవడమంటే మాటను కంటితో వినడమని వానికి తెలుస్తుంది. అది తెలిసిన తరువాత పరాయి భాషలోకి నడవడం సులభం. ఈనాటి విద్యావేత్తలు దీనికి పెద్ద పేర్లు పెట్టారు. పంతులుగారు పేరు పెట్టకుండా చేశారు.

ఆ కొండలే ఆయన వద్ద వెల కూడా తీసుకున్నాయి. మన్యంలో తిరిగినందువల్ల మలేరియా పట్టుకున్నది. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. చెవితో భాష నేర్చిన మనిషికి చెవులే పోయాయి. మిగిలిన జీవితంలోని వాదాలు, సభలు, పోరాటాలు అన్నీ ఆయన ఆ చెవుడుతోనే నడిపారు. తరువాత సంగతులు చదివేటప్పుడు పాఠకులు దీనిని మరచిపోకూడదు.

1906, 1907 ప్రాంతాలలో జె.ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర సర్కారులకు పాఠశాలల పర్యవేక్షణాధికారిగా వచ్చారు. భాషను ఆ భాషలోనే, మాట ద్వారానే నేర్పాలనే ప్రత్యక్ష పద్ధతి మీద ఆయనకు అభిమానం. ఐరోపాలో అది అప్పటికి కొత్త గాలి. అనువాదం చేయించి, సూత్రాలు వల్లింపజేసే పాత బోధనను హెన్రీ స్వీట్, ఒట్టో యెస్పర్సన్ వంటి భాషావేత్తలు ప్రశ్నిస్తున్న రోజులవి. యేట్స్ దొరకు మన బడులలో ఒక చిక్కు కనిపించింది. తెలుగు పంతులు పిల్లలతో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో చదివించే తెలుగు మరొకటి. పుస్తకంలోని దానిని పంతులే మళ్ళీ తెలుగులో విప్పి చెప్పవలసి వస్తున్నది. ఇదేమిటని విశాఖపట్నంలో కళాశాల అధ్యక్షుడుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని ఆయన విచారించారు. అయ్యంగారు ఆ ప్రశ్నకు తగినవారుగా గురజాడను, రామమూర్తిగారిని చూపించారు.

ప్రశ్న విదేశీయునిది. దానికి జవాబు మాత్రం అప్పటికే పర్లాకిమిడిలో సవర బడి రూపంలో ఉన్నది. రామమూర్తిగారు స్వీట్‌ను, యెస్పర్సన్‌ను చదివి తమ అనుభవాన్ని వారి శాస్త్రంతో సరిచూసుకున్నారు. ఆయనకు తోచినది ఇది. సవర పిల్లవానికి సవరలో చదువు చెబితే వస్తున్నది. తెలుగు పిల్లవానికి తెలుగులో చదువు చెప్పడం లేదు. వ్యాకరణంలో తప్ప ఏ ఇంటిలోనూ వినిపించని భాషను తెలుగని పేరు పెట్టి చెబుతున్నారు. అనగా తెలుగు బాలునికి తెలుగే పరాయి భాష అయింది. పరాయి భాషలు నేర్పే మంచి పద్ధతులైనా దానికి పనికిరావు, ఎందుచేతనంటే ఆ భాషలో మాట్లాడే మనిషి ఎక్కడా దొరకడు.

ఆ తరువాతి రణరంగం తెలుగు దేశానికంతకూ తెలిసినదే కాబట్టి త్వరగా దాటిపోతాను. స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసరచన ఆధునిక భాషలో వ్రాయవచ్చునని అనుమతి రావడం, పండితులు భగ్గుమనడం, 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడడం, ఉపసంఘాలు, మహజర్లు. రామమూర్తిగారు 1913లో ఆధునికాంధ్రాన్ని సమర్థిస్తూ ఇంగ్లీషులో విజ్ఞాపన పత్రం వ్రాశారు. గురజాడ 1914లో తమ అసమ్మతి పత్రం సమర్పించారు. అయినా ప్రభుత్వం ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకున్నది. మరుసటి ఏడు గురజాడ కన్నుమూశారు. రామమూర్తిగారు ఒంటరియై, అప్పటికే పర్లాకిమిడి ఉద్యోగం విడిచిపెట్టి ఉన్నందున, ఊరూరా తిరిగి ఉపన్యసించడం మొదలుపెట్టారు. 1919లో తెలుగు అనే మాసపత్రిక పెట్టి ఒక్క ఏడు నడపగలిగారు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులు. మూడు నెలలు తిరగకుండానే ఆయన కూడా పోయారు.

జయంతివారిని గురించి ఒక మాట. ఆయనను మూఢుడుగా చిత్రించడం నేటి అలవాటు. ఆయన భయం వేరు. మాట ఊరికొక తీరు. గంజాం మాట, గుంటూరు మాట, కడప మాట ఒకటి కావు. పుస్తక భాష ఒక్కటే వీటన్నింటికీ కట్టు, అది తెగితే తెలుగువారిని కలిపి ఉంచేది ఏమున్నదని ఆయన శంక. రామమూర్తిగారి సమాధానం శిష్టుల వ్యావహారికం, అనగా చదువుకున్నవారు నలుగురిలో మాట్లాడే భాష. అది పండితుల కోట గోడను పడగొట్టింది. జయంతివారి శంకను మాత్రం పూర్తిగా తీర్చలేదని నా అభిప్రాయం. ఇంతకూ ఎవరు శిష్టులు? కాలక్రమేణా కృష్ణా గోదావరి మండలాల మాట ఆ స్థానం ఆక్రమించింది. వంశధార ఒడ్డున పుట్టినవాడు చేసిన యుద్ధంలో గెలిచిన రాజ్యం గోదావరి ఒడ్డుకు పోయింది.

రామమూర్తిగారిలో పట్టుదలతో పాటు మొండితనం కూడా ఉండేది. గ్రాంథికాన్ని సమర్థించే పండితులు తామే దానిని తప్పులు లేకుండా వ్రాయలేరని నిరూపించడానికి వారి పుస్తకాలను వరుసకు వరుస జల్లెడ పట్టారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము ఆ కోపంలో పుట్టినదే. బాలకవి శరణ్యములోనూ, గద్య చింతామణిలోనూ పూర్వుల వాడుకనే సాక్ష్యానికి పిలిచారు. చెప్పదలచినది సబబే. కాని అన్ని పుటలు తప్పులు ఎన్నడానికి వెచ్చించే బదులు, చిన్నపిల్లలకు ఒక మంచి వాచకం వరుస వ్రాసి ఉంటే మనకు ఎక్కువ మేలు జరిగేదేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. సవర పిల్లలకు ఆయన ఆ పని చేశారు. తెలుగు పిల్లల వంతు వచ్చేసరికి పండితులు అడ్డం వచ్చారు.

సవర పని ఆయన ఏనాడూ విడిచిపెట్టలేదు. 1931లో ఇంగ్లీషులో సవర భాషా వ్యాకరణం వెలువడింది. 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. తాను నేర్చిన నాటి ధ్వనులను చెవుడు వచ్చిన తరువాత కూడా అంత సూక్ష్మంగా గుర్తులు పెట్టి వ్రాయడం ఎలా సాధ్యమయిందో ఊహించడం కష్టం. కుమారుడు సీతాపతిగారు ఆ పనిలో తోడు. ముండా భాషలను పరిశీలించే విదేశీ పండితులు ఈనాటికీ ఆ పుస్తకాలు తిరగవేయక తప్పదు. తెలుగు దేశంలోని మన ఇండ్లలో మాత్రం అవి కనిపించవు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం అవతరించింది. పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. చేరకూడదని రామమూర్తిగారు గట్టిగా వాదించారు, ఓడిపోయారు. అర్ధ శతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. సవరల కొండలు కూడా రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయాయి. విచిత్రమేమంటే అదే 1936లో ఒరిస్సా వైపు సవరలలో మంగేయి గొమాంగో అనే ఆయన తమ భాషకు సొంతంగా ఒక లిపి కల్పించారు. సొరాంగ్ సొంపెంగ్ అని దానికి పేరు. పంతులుగారు తెలుగు అక్షరాలలో వ్రాయించిన భాష తన అక్షరాలను తాను వెతుక్కున్నది. వాడేవారి అవసరమే భాషకు రూపమిస్తుందనే ఆయన సిద్ధాంతానికి ఇంతకంటె సాక్ష్యం ఉండదు, అది ఆయన లిపికి వ్యతిరేకంగానే వచ్చినా.

ఇక్కడ పార్లమెంటు విలేఖరిగా ఒక జ్ఞాపకం రాకమానదు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రియై, లోక్‌సభ సభ్యత్వానికి ఇంకా రాజీనామా ఇవ్వని గిరిధర్ గమాంగ్ ఓటు చెల్లుతుందా చెల్లదా అని దేశమంతా తర్కించింది. ఆయన సవర అన్న సంగతి ఆ హడావుడిలో ఎవరికి పట్టింది? సంతాలీకి 2003 నాటి రాజ్యాంగ సవరణతో ఎనిమిదవ షెడ్యూలులో చోటు దొరికింది. సవర భాషకు ఆ చోటు దొరకలేదు.

పంతులుగారు పోయిన మూడు నాలుగు దశాబ్దాలకు భాషా బోధనలో మరొక కొత్త గాలి వీచింది. వాక్య నిర్మాణం తెలిసినంత మాత్రాన భాష వచ్చినట్టు కాదు, ఎవరితో ఎప్పుడు ఏమి ఎలా అనాలో తెలియాలి అని అమెరికాలో డెల్ హైమ్స్ వాదించారు. ఇంగ్లండులో విల్కిన్స్ 1976లో పాఠ్య ప్రణాళికను వ్యాకరణ సూత్రాల వరుసలో కాక, మనిషి భాషతో చేసే పనుల వరుసలో కూర్చాలని పుస్తకం వ్రాశారు. మన దక్షిణ దేశంలోనే ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి అయిదేళ్ళు బెంగుళూరు, మద్రాసు పరిసరాలలోని మామూలు బడులలో ఒక ప్రయోగం చేశారు. ఇంగ్లీషు తరగతిలో వ్యాకరణం చెప్పరు. పటం చూపి దారి కనుక్కోమంటారు. రైలు వేళల పట్టిక ఇచ్చి, ఫలానా ఊరికి ఫలానా వేళకు చేరాలంటే ఏ బండి ఎక్కాలో చెప్పమంటారు. మనసు జవాబు మీద ఉంటుంది. భాష దాని వెంట వస్తుంది. రైలు పట్టిక ఇందా పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ పాఠం అక్కడ ఎంత రక్తి కట్టేదో!

వీరందరికీ రామమూర్తిగారు ఆద్యులని నేను అనబోవడం లేదు. అటువంటి గొప్పలు మనకు సులభంగా అలవడతాయి. యేట్స్ నాటి ప్రత్యక్ష పద్ధతికీ ప్రభు పద్ధతికీ చాలా తేడా ఉన్నది. ఇది కలము, అది బల్ల అని తరగతిలో చెప్పించడం మాటే కాని సంభాషణ కాదు. కలము ఎదుట ఉన్న సంగతి ఇద్దరికీ ముందే తెలుసు. పైగా మాటకే పెద్దపీట వేయాలన్న వాదానికి ఎదురుమాట కూడా ఉన్నది. ఢాకాలో ఉపాధ్యాయుల శిక్షణ కళాశాల నడిపిన మైకేల్ వెస్ట్ 1926లోనే బెంగాలు పిల్లల ఇంగ్లీషును పరిశీలించి, బడి మధ్యలో మానేసే పేదపిల్లవానికి చదవడం వస్తే అదైనా మిగులుతుందని, ముందు చదవడం నేర్పమని వాదించారు. అది తీసిపారవేయదగిన మాట కాదు. కాని సవర భాష విషయంలో రామమూర్తిగారి అవసరం కలము బల్లల అవసరం కాదు. ఆయనకు తెలియని సంగతి సవరకు తెలుసు, సవరకు తెలియని సంగతి ఆయనకు తెలుసు. ఆ ఇద్దరి మధ్యలో భాష పుట్టింది.

1940 జనవరి 15న, మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో ఆయన పత్రికలవారి ఎదుట చివరి విన్నపం చేశారు. జనులు మాట్లాడే భాషలో పత్రికలు నడపమని కోరారు. వారం తిరిగిన తరువాత, 22వ తేదీన మరణించారు. ఈ మాట మా వృత్తివారికి అప్పగించి పోయారు కాబట్టి, నా వాక్యాలు ఇంత బిగువుగా ఉండడం గురించి పాఠకులు ఎత్తిపొడిస్తే నా దగ్గర జవాబు లేదు.

ఇందా నుంచి బయలుదేరే ముందు ఆ అరుగు మేష్టారితో, చిన్నవాణ్ణయినా, ఒక మనవి చేశాను. వచ్చే ఆదివారం విభక్తులకు సెలవిచ్చి, ఖరగ్‌పూర్‌కు ఎలా వచ్చారో ఇంట్లో పెద్దవారిని అడిగి రమ్మని పిల్లలకు చెప్పండి. తరగతిలో ఒకరికొకరు చెప్పుకోనివ్వండి. ఆ తరువాత వ్రాయించండి అన్నాను. ఆయన ముభావంగా విన్నారు. సరేననలేదు, కాదనలేదు.

మొన్న పిన్ని మనుమడు ఫోనులో ఒక ఫొటో పంపాడు. నోటుపుస్తకంలో పది పంక్తులు. వాడి నాయనమ్మ తండ్రి చేతి సంచితో పలాసలో బండెక్కిన వైనం, రాత్రంతా నిలబడి ప్రయాణం చేసిన వైనం, ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం చివర కనిపించక భయపడిన వైనం. ఇంతకు ముందు వాడు తెలుగులో రెండు పంక్తులకు మించి వ్రాసి ఎరుగడు. పది పంక్తులలో ఏడు చోట్ల మేష్టారు ఎర్రసిరాతో దిద్దారు. ఎల్లినాం అన్నచోట వెళ్ళాం, ఒచ్చినాడు అన్నచోట వచ్చాడు. దిద్దినవి ఏడూ పిన్ని మాటలే. వాడు వాటిని ఆమెకు చదివి వినిపించాడట. ఈ ఆదివారం తానే అరుగు దగ్గరకు వస్తానని, మేష్టారితో చెప్పమని ఆమె వాణ్ణి పంపిందట.